అరవై అయిదు నుంచి ఎనభై దాకా

మూడున్నరకి రమ్మంటే రెండున్నరకే వచ్చి కూర్చున్నాను. ఇంట్లో ఉంటే ఆ పుస్తకం మళ్ళీ తెరుస్తానని భయం, తీరా ఆ పుస్తకాన్నే చంకలో పెట్టుకుని వచ్చాను, ఈ ఆసుపత్రి వరండా బెంచీ మీద నా పక్కన దానికీ ఒక మనిషి పట్టేంత చోటిచ్చి కూర్చున్నాను. ఎదురుగా తలుపు, తలుపవతల అక్క. మూడు నెలలుగా అక్క కుడిచెయ్యి ఆమె మాట వినదు, నోరు ఎవరి మాటా వినదు. గొంతు ఉంది, శబ్దం ఉంది, కానీ నీళ్ళు కావాలన్నా కిటికీ వేయమన్నా ఒకటే శబ్దం, ఆ శబ్దం వచ్చాక అది తను అనుకున్నది కాదని తెలిసి ఆమె కళ్ళు మూసుకోవడం. నిన్న ఆ మాటలు నేర్పే అమ్మాయి, మా అక్కకి కూతురుంటే ఆ ఈడుది, నన్ను పక్కకి పిలిచి చెప్పింది. "సార్, కొంతమందికి మామూలు మాట రాదు, కానీ నోటికి అలవాటైనవి ఉంటాయే, ఎక్కాలు, పాటలు, వందసార్లు చెప్పిన కథలు, అవి దొర్లుతాయి. అలాంటిదేదైనా మీరు మొదలుపెట్టి, ఆవిడకి బాగా తెలిసిన చోట ఆపండి." రాకపోతేనో అన్నాను. "రేపటితో మా వంతు అయిపోతుంది సార్. తరవాత ఇంటికి తీసుకెళ్ళి సైగలతో అలవాటు చేసుకోవడమే." ఆ పిల్ల ఎంత మెల్లగా చెప్పిందంటే, నాకు ముందు ఆ మెల్లదనమే వినపడింది, మాటల అర్థం ఇంటికి వెళ్ళి చెప్పులు విప్పుతున్నప్పుడు వినపడింది.

వందసార్లు చెప్పిన కథ. ఉంది, నాకు తెలిసి ప్రపంచంలో ఒక్కరే చెప్పిన, ఒక్కరే విన్న కథ, పదహారు పేజీల కథ. ఆ పేజీలు మా పుస్తకంలో లేవు కాబట్టే అక్క చెప్పింది.

నాన్న పుస్తకాలు కుట్టే చోట పనిచేసేవాడు. పెద్ద కాగితం మీద పదహారు పేజీలు అచ్చయి వస్తాయి, దాన్ని మడిస్తే ఒక ఫారం. పొడుగాటి బల్ల మీద ఒకటో ఫారం దొంతర, రెండోది, మూడోది, అలా వరసగా పెట్టి ఉంటాయి, మనిషి బల్ల చుట్టూ తిరుగుతూ ఒక్కో దొంతర నుంచి ఒక్కోటి తీసుకుంటూ పోతే చివరికి చేతిలో పుస్తకం ఉంటుంది. రోజంతా నడకే, గానుగెద్దులా, నాన్న చెప్పులు ఎడమవైపే అరిగేవి. అమ్మ పోయిన తరవాత పనిలోకి వెళ్ళిన మొదటిరోజు, పక్కబల్ల మీద కోళ్ళ పెంపకం పుస్తకం ఉంది, ఈ బల్ల మీద పిల్లల కథ ఉంది. నాన్న రెండు బల్లల మధ్య నడిచాడు. ఎన్ని కాపీలు అలా కలిపేశాడో ఎవరికీ తెలీదు, తెలిసింది మాత్రం ఒక్కటి, దాన్ని మేస్త్రీ నాన్న మొహం మీదికి విసరకుండా చేతికిచ్చాడట, ఇంటికి పట్టుకుపో, పిల్లలు చదువుకుంటారు అని. అలా మా ఇంటికి వచ్చింది 'పోయినవాటి బండి'. నాలుగు ఫారాలు సరిగ్గా ఉన్నాయి, అయిదోది కోళ్ళది, ఆరోది మళ్ళీ కథ. అక్కకి పదకొండేళ్ళు, నాకు అయిదు. నాన్న ఆ రోజు నవ్వించాలని చూశాడు, పాపం. "ఎక్కడో ఒక కోళ్ళాయన మన బండి కథ చదువుకుంటూ, ఇందులో మందు పేరు ఎక్కడుందా అని వెతుక్కుంటూ ఉంటాడు" అన్నాడు. అక్క నవ్వింది. నాన్న కోసం నవ్వింది. మనిషి కోసం నవ్వడం అనేది ఆమె పదకొండేళ్ళకే నేర్చుకుంది, నేను యాభై రెండేళ్ళకి కూడా నేర్చుకోలేదు.

"కాళ్ళెత్తండి బాబూ." తడిగుడ్డ కర్ర పట్టుకుని ఒకావిడ నిలబడింది. కాళ్ళెత్తాను, ఎందుకో పుస్తకాన్ని కూడా ఎత్తాను. "దానికి కాళ్ళు లేవులెండి" అంది. తుడుస్తూ తుడుస్తూ తలుపు వైపు చూపించి, "లోపలావిడకి చదివి వినిపించడానికా? మంచిదే. మా ఆయన పడిపోయినప్పుడు నేను రోజూ తిట్లు వినిపించేదాన్ని. ముందు అవే వచ్చాయి నోటికి, మాటలు వచ్చినందుకు ఏడ్చానో, ఆ తిట్లకి ఏడ్చానో ఇప్పటికీ తెలీదు" అంది, బకెట్టు ఎత్తుకుని వెళ్ళిపోయింది. తడినేల మీద ట్యూబులైటు పొడుగ్గా పడి ఉంది. అక్క నన్ను తిట్టలేదు ఎప్పుడూ. తిట్టి ఉంటే ఇప్పుడు ఆ తిట్లే మొదలుపెట్టి మధ్యలో ఆపేవాణ్ణి.

ఆ పుస్తకంలోని దేశంలో సంవత్సరం చివరిరోజు పండుగ. పొద్దు వాలే వేళకి కుంటిగుర్రం కట్టిన బండి తోలుకుంటూ ఒక ముసలమ్మ వస్తుంది, ఆ ఏడాది ఎవరెవరు ఏం పోగొట్టుకున్నారో అవన్నీ ఆ బండిలో ఉంటాయి, ఒక్కో గడప ముందు ఆగి ఒక్కోటి ఇచ్చి పోతుంది. తాళంచెవి, పాలపన్ను, ఒంటి చెవిదుద్దు, సగం పాడి మరిచిపోయిన పాట. అడిగింది ఇవ్వదు, పోయింది ఇస్తుంది. ఒక ఇంట్లో ఒక అక్క, ఒక తమ్ముడు, ఆ ఏడాదే తల్లి పోయింది. అది అచ్చు మా ఇల్లే అని నాకు అనిపించలేదు అప్పుడు, అసలు ప్రతి పుస్తకంలోనూ మా ఇల్లే ఉంటుందనుకునేవాణ్ణి. తమ్ముడు అమ్మ కావాలంటాడు. మనుషుల్ని మోయలేను నాయనా, బండి చిన్నది అంటుంది ముసలమ్మ. అప్పుడు అక్క, నేనెక్కి వెతుకుతాను అంటుంది. అరవై నాలుగో పేజీ కింద చివరి వాక్యం నాకిప్పటికీ కంఠతా వచ్చు: 'ఆమె కాలు చక్రం మీద పెట్టింది, తమ్ముడు గడప మీద నుంచి', అంతే, పేజీ తిప్పితే, 'తెల్ల పారుడు సోకిన కోడిపిల్లలను వెంటనే గుంపు నుంచి వేరు చేయవలెను.'

మొదటిసారి అక్క ఆ వాక్యాన్ని అదే గొంతుతో, అదే పండుగ గొంతుతో చదివేసింది, చదివాక ఆగింది. నేను ఏడుపు మొదలెట్టాను, తమ్ముడికి ఏమైందని. ఆమె పుస్తకాన్ని ఒళ్ళో బోర్లించి, పైకప్పు వైపు చూసి, ఒక క్షణం, ఆ క్షణం నాకు గుర్తుంది, ఆమె గొంతు కింద ఏదో మింగినట్టు కదలడం గుర్తుంది, తరవాత చెప్పడం మొదలుపెట్టింది. బండి వీధి మలుపు దాకా వెళ్ళిందట. తమ్ముడు వెనక పరిగెత్తాడట. అక్క చూసి దూకేసిందట, మోకాలు చెక్కుకుపోయిందట, ముందు వాడి వీపు మీద ఒకటి వేసి తరవాత ఎత్తుకుందట. రోజూ మారేది కథ. ఒకరోజు బురదలో పడేది, ఒకరోజు గుర్రం వచ్చి ఆమె చెవి నాకేది, ఒకరోజు ముసలమ్మ అలిగి కూర్చునేది. ఎన్ని మారినా ఒకటి మారేది కాదు, అక్క దిగేది. గిన్నెలు తోమి, తడిచేతులు లంగాకి తుడుచుకుని, నాన్న తెచ్చిపడేసిన ఫారాలు మడవడానికి ముందు ఆ కాస్త టైములో, దిగేది. తరవాత ఆరో ఫారం ఎనభై ఒకటో పేజీ నుంచి ఉండేది, అందులో తమ్ముడు పెద్దవాడవుతాడు, బడికి పోతాడు, ప్రతి పండుగకీ గడపలో కూర్చుంటాడు, కానీ చివరిదాకా ఎక్కడా అక్క కనపడదు. నేను అడిగేవాణ్ణి, మరి అక్క ఏదీ? "వంటింట్లో ఉందిరా చిన్నోడా. కథలో ప్రతిసారీ కనపడాలా ఏంటి? అందరూ గడపలో కూర్చుంటే పొయ్యి దగ్గర ఎవరుంటారు?" ఆ జవాబు ఎంత సరిపోయిందంటే, నేను మళ్ళీ అడగలేదు. నలభై ఏడేళ్ళు అడగలేదు.

రెండు యాభై. గోడగడియారం ముల్లు గెంతుతూ నడుస్తోంది, నిమిషం అంతా ఊరికే ఉండి ఒక్కసారి గెంతుతుంది. నా కళ్ళజోళ్ళ దుకాణంలో రోజంతా నా పని ఇదే, మనిషి కళ్ళకి ఒక అద్దం పెట్టి, తీసి ఇంకోటి పెట్టి, ఇది బాగుందా, ఇదా, అని అడగడం, తొందరపడకండి, మళ్ళీ చూపిస్తాను అనడం. చాలామంది నిజం చెప్పరు. ఏది చెప్తే నేను సంతోషిస్తానో అది చెప్తారు. మూడోసారి మెల్లగా అడిగితే నిజం వస్తుంది. నన్ను నేను మూడోసారి ఎప్పుడైనా అడిగానా? అక్క మాట రావాలి అంటున్నాను మూడు నెలలుగా, అందరితో, మా ఆవిడతో, డాక్టరుతో. ఏ మాట? నీళ్ళు అనే మాటా? కిటికీ అనే మాటా? కాదు. ఆమె నోరు తెరిచి, పిచ్చోడా, నేను ఉండాలనుకునే ఉన్నాను, అనాలి. అదీ నాకు కావాల్సింది. ఆమెకి మాట రావడం కాదు నాకు కావాల్సింది, ఆ మాట రావడం.

ఆమెకి పదిహేడేళ్ళప్పుడు టీచరు ట్రైనింగులో సీటు వచ్చింది, దూరం ఊరు, హాస్టలు. రేకు ట్రంకు పెట్టె కొన్నారు, నీలం రంగుది, అందులో ఆమె బట్టలు ఎన్ని తక్కువున్నాయంటే పైన ఖాళీలో దిండు కుక్కింది. వాకిట్లో ఆటో వచ్చి ఆగింది. నేను వెళ్ళి ఆ పెట్టె మీద కూర్చున్నాను. ఏడవలేదు, అరవలేదు, పదకొండేళ్ళవాణ్ణి, కాళ్ళు ఊపుతూ కూర్చున్నాను అంతే. నాన్న లేవరా అనలేదు. నాన్న తలుపు గడియ పట్టుకుని, అది ఎక్కడో వదులైనట్టు, దాన్ని పైకీ కిందికీ అంటున్నాడు. ఆటో అతను రెండుసార్లు హారన్ కొట్టాడు. అక్క నన్ను చూసింది, నవ్వింది, ఆ నవ్వు ఎవరి కోసమో ఇప్పుడు తెలుసు, "సరే, లే. పెట్టె తెరవాలంటే నువ్వు లేవాలి కదరా" అంది. దిండు తీసి మంచం మీద వేసింది. ఎంత మామూలుగా జరిగిందది, ఒక దిండు పెట్టెలోంచి మంచం మీదకి రావడం! తరవాత వారం నాన్న పనిచేసే చోటే ఆమెకీ పని దొరికింది. ముప్ఫై ఏళ్ళు ఆ బల్ల చుట్టూ తిరిగింది. ఒక్క ఫారం తప్పు పెట్టలేదని ఆమె పని మానేసిన రోజు అందరూ చెప్పారు, నేను చప్పట్లు కొట్టాను.

ఇదంతా నా మీద వేసుకోవడం కూడా ఒక రకం గొప్పేమో. ఒక మనిషి జీవితం నేను పెట్టె మీద కూర్చోవడం వల్ల ఆగిపోయిందనుకోవడంలో నా బరువు గురించి నాకెంత నమ్మకం! కానీ ఆమె ఆరేళ్ళు రోజూ నాకు ఆ కథే చెప్పింది, అక్క దిగుతుంది, అక్క దిగుతుంది అని. నన్ను ఊరుకోబెట్టడానికి చెప్పిన అబద్ధం ఆమెకే నియమం అయిపోయి ఉంటుంది, తను చెప్పిన కథని తనే ఎలా కాదంటుంది? నాకు పంతొమ్మిదేళ్ళప్పుడు, నేను అద్దాల పని నేర్చుకోవడానికి వేరే ఊరు వెళ్తానన్నప్పుడు, ఆమె మూడు మాటలు అడిగింది, ఎక్కడ ఉంటావు, ఏం తింటావు, ఎప్పుడొస్తావు, అంతే, నేను అరిచాను. నిన్నెవరు ఉండమన్నారు, నువ్వు ఉండబట్టే నాకు ఈ ఇంట్లో ఊపిరాడ్డం లేదు. కంచం ముందు కూర్చుని అరిచాను. ఆమె, "చల్లారిపోతోంది, తిను" అంది. తిన్నాను. ఆ మాట మీద ముప్ఫై మూడేళ్ళు గడిచాయి, ఆమె ఎప్పుడూ తిరిగి ఎత్తలేదు, నేను ఎత్తబోయిన రెండుసార్లూ ఆమెకి వంటింట్లో ఏదో పని గుర్తొచ్చింది.

పాతపుస్తకాల ఆయనకి చాలా ఏళ్ళ కిందట చెప్పి పెట్టాను, పేరు, అట్ట రంగు. మొన్న ఫోను చేశాడు. "సార్, మీ బండి దొరికింది. కోళ్ళు లేవు, నేనే తిరగేసి చూశాను." వెళ్ళి తెచ్చుకున్నాను. నిన్న మధ్యాహ్నం దుకాణం తలుపు సగం దించి, కౌంటరు వెనక నిలబడి, అరవై అయిదు నుంచి ఎనభై దాకా చదివాను. 'తమ్ముడు గడప మీద నుంచి, అక్కా దిగు, అన్నాడు. ఆమెకు వినపడలేదని కాదు. బండి కదిలింది.' ఆమె దిగదు. పదహారు పేజీల్లో ఎక్కడా దిగదు. అమ్మ కోసం బండంతా వెతుకుతుంది, అమ్మ ఉండదు, వెతకడం అయిపోయాక కూడా దిగదు. ఏవేవో ఊళ్ళు, వంతెనలు, ఒక గడపలో గుడ్డివాడికి అతని పాత ఈలపాట తిరిగి ఇవ్వడం, ఒక నాలుగురోడ్ల దగ్గర ముసలమ్మ పగ్గాలు ఆమె చేతికిచ్చి దిగి వెళ్ళిపోవడం. డెబ్భై ఎనిమిదో పేజీలో ఒక చిన్న వాక్యం. 'ఆమెకు ఆ దారి నచ్చింది.' నేను ఆ వాక్యం మీద భూతద్దం పెట్టి చూశాను. అవును, అక్షరాలు చిన్నవని కాదు. ఏడ్చింది అని ఉంటే తట్టుకునేవాణ్ణి. తమ్ముణ్ణి తలుచుకుంది అని ఉన్నా సరిపోయేది. నచ్చింది.

ఇప్పుడేం చదవాలి? అరవై నాలుగో పేజీ చివర ఆపాలి, అది తెలుసు, అక్కడే ఆమె గొంతు పుట్టేది. ఆమె అందుకుంటే సరే. అందుకోకపోతే నేనే చెప్పొచ్చు, ఆమె చెప్పినట్టే, మలుపు, పరుగు, మోకాలు. అక్క దిగింది, అక్క దిగింది. ఆమె నాకు చెప్పిన అబద్ధం నేను ఆమెకి తిరిగి చెప్పొచ్చు. ఈ పేజీలు ఆమెకి చూపించడం అంటే, యాభై ఎనిమిదేళ్ళ మనిషికి, ఒక పక్క పడిపోయిన మనిషికి, అటు చూడు, నువ్వు ఎక్కి ఉండాల్సిన బండి అది అని చూపించడం కాదా? లేక చూపించకపోవడం అంటే మళ్ళీ వెళ్ళి ఆ పెట్టె మీద కూర్చోవడమా? తలుపు తెరుచుకుంది. మూడున్నర కాలేదు ఇంకా. "రండి సార్, ఆవిడ లేచే ఉన్నారు" అంది ఆ అమ్మాయి.

అక్కని కిటికీ పక్క కుర్చీలో కూర్చోబెట్టారు, కుడిచెయ్యి దిండు మీద పెట్టి ఉంది, ఎవరిదో చెయ్యి కాసేపు అట్టిపెట్టమని ఇచ్చినట్టు. ఆ చూపుడువేలి పక్కన కాయ ఇంకా ఉంది, ముప్ఫై ఏళ్ళ ఫారాల కాయ. పుస్తకం చూపించాను. అట్ట చూసి ఆమె కనుబొమలు పైకి లేచాయి. నేను చదవడం మొదలుపెట్టాను, ముసలమ్మ, కుంటిగుర్రం, పాలపన్ను, నా గొంతు నాకే ముసలిగా వినపడింది. ఆమె పెదాలు అక్కడక్కడ నాతోపాటు కదిలాయి, శబ్దం లేకుండా, ఆ అమ్మాయి అది చూసి కలం చేతిలోకి తీసుకుంది. మనుషుల్ని మోయలేను నాయనా, బండి చిన్నది. నేనెక్కి వెతుకుతాను. ఆమె కాలు చక్రం మీద పెట్టింది, తమ్ముడు గడప మీద నుంచి.

ఆపాను.

గదిలో పంకా తిరుగుతోంది. అక్క పైకప్పు వైపు చూసింది, అలాగే, అప్పటిలాగే, గొంతు కింద కదిలింది, నా ఒంట్లో ప్రతి నరం చెవి అయిపోయింది. చెప్పు అక్కా. దిగిందని చెప్పు. ఆమె నోరు తెరుచుకుంది, ఆ ఒకటే శబ్దం, ఆ ఎవరికీ కాని శబ్దం వచ్చింది, ఆగిపోయింది. కళ్ళు మూసుకుంది. "మళ్ళీ ప్రయత్నించండమ్మా, తొందరేం లేదు" అంది ఆ అమ్మాయి. అప్పుడు నేను నోరు తెరిచాను, బండి వీధి మలుపు దాకా వెళ్ళిందట, అని. ఆ మాట సగంలో ఉండగానే ఆమె ఎడమచెయ్యి వచ్చి నా మణికట్టు మీద పడింది. నన్ను ఊరుకోమంటోంది. ఆ చెయ్యి నన్ను దాటి పుస్తకం మీదికి వెళ్ళింది, ఎడమచేత్తో పేజీ తిప్పడం ఆమెకి చాతకావడం లేదు, కాగితం రెండుసార్లు జారింది, నేను సాయం చేయబోతే మోచేత్తో నెట్టింది, మూడోసారి తిప్పింది. ఆమె వంగి చూసింది. కోళ్ళు లేవు. ఆమె ఎంతసేపు చూసిందో నాకు తెలీదు. చూపుడువేలు మొదటి వరస మీద పెట్టి, తల నా వైపు ఎత్తింది.

ఆమెకీ తెలీదు కదా, ఆ పదహారు పేజీల్లో ఏముందో! రోజూ ఆ ఖాళీ ముందు నిలబడి నా కోసం ఏదో ఒకటి అల్లిన మనిషికి, అసలేం జరిగిందో తెలుసుకోవాలని ఎప్పుడూ ఉండి ఉండదా? నేనింకా అడుక్కుంటున్నాను ఈమె దగ్గర, ఇంకొక్కసారి చెప్పు అని. ఈమెకి ఎవరైనా ఏదైనా చదివి వినిపించారా అసలు, అమ్మ పోయాక?

చదివాను. ఉన్నది ఉన్నట్టు చదివాను, ఆమె వేలు వరస కింద మెల్లగా నడుస్తోంది, దాటేయడానికి వీల్లేదు. అక్కా దిగు, అన్నాడు. ఆమెకు వినపడలేదని కాదు. బండి కదిలింది. ఊళ్ళు వచ్చాయి, వంతెనలు వచ్చాయి, ఈలపాట వచ్చింది. నా కళ్ళకి అక్షరాలు అలుక్కుపోతే ఆగి తుడుచుకున్నాను, ఆమె వేలు ఆ మాట కిందే ఆగి నా కోసం చూసింది. ఆ అమ్మాయి ఏదో రాసుకుంది, కలం మూత పెట్టింది. మాట రాలేదు, రాదు, నాకు కావాల్సిన ఆ ఒక్క మాట ఇక ఈ లోకంలో ఎవరి నోటా రాదు, అది నాకు ఆ మూత చప్పుడులో తెలిసింది, అయినా చదువుతూనే ఉన్నాను. డెబ్భై ఎనిమిదో పేజీ. ఆమెకు ఆ దారి నచ్చింది. తల ఎత్తి అక్క మొహం చూశాను, చూడకుండా ఉండలేకపోయాను.

ఆ మొహం నేనెప్పుడూ చూడలేదు. ఏడుపు కాదు, కోపం కాదు, నా కోసం నవ్వే ఆ నవ్వు అసలే కాదు. నోరు కొంచెం తెరుచుకుని, కళ్ళు పేజీ మీదా కాక నా మీదా కాక ఎక్కడో ఉండి, తరవాత ఏమవుతుందా అని ఎదురుచూస్తున్న పిల్ల మొహం. కథ వినేటప్పుడు అక్క ఎలా ఉంటుందో నాకు తెలిసే వీలే లేకపోయింది, ఎప్పుడూ నేనే విన్నాను.

"టైమైపోయింది సార్" అంది ఆ అమ్మాయి, ఆ మెల్లని గొంతుతో.

"రెండు పేజీలే ఉన్నాయమ్మా" అన్నాను. అక్క వేలు అప్పటికే తరవాతి వరస మీద ఉంది.